లెక్కలో లేని మొదటి చుట్టు

ఈ విషయం మీద నేను మోటారు క్లబ్బుకు పదకొండు ఉత్తరాలు రాశాను. మొదట్లో ఇన్లాండు కవర్లు, తర్వాత రిజిస్టరు పోస్టు. ఒక్కదానికీ జవాబు రాలేదు. పోస్టాఫీసు కార్డు మీద సంతకం తప్ప, అందిందని కూడా ఎవరూ రాయలేదు. రెండుసార్లు స్వయంగా వెళ్ళాను. మొదటిసారి కార్యదర్శి భోజనానికి వెళ్ళారన్నారు. వరండాలో బెంచీ మీద నాలుగింటిదాకా కూర్చున్నాను. ఆయన వెనక వాకిట్లోంచి ఎప్పుడో వెళ్ళిపోయారని తోటమాలి వచ్చి చెప్పాడు. రెండోసారి వెళ్ళేసరికి ఆ బెంచీ కూడా తీసేశారు.

నాకు బెంచీ అక్కర్లేదు. క్లబ్బు హాల్లో గోడకు ఒక టేకు బోర్డు ఉంది. ఏ ఏడు ఎవరు గెలిచారో బంగారు రంగు అక్షరాలతో రాసి ఉంటుంది. అందులో ఒక వరుసలో వేరే మనిషి పేరు ఉంది. అక్కడ ఉండాల్సింది నా పేరు. ఇదే నా ఫిర్యాదు. అప్పుడూ ఇదే, ఇప్పుడూ ఇదే.

మా వాళ్ళు మూడు తరాల కిందట అనంతపురం వైపు నుంచి వచ్చి బెంగళూరు పేటలో నిలిచిపోయారు. మగ్గాలు పోయాక ఎవరికి దొరికిన పనిలో వాళ్ళు చేరారు. నేను లాల్‌బాగు వెనక ఒక గ్యారేజీలో మెకానిక్కుగా చేరాను. అప్పటికి నాకు పందొమ్మిదేళ్ళు. అవెన్యూ రోడ్డులో పాత పుస్తకాలు అమ్మేచోట ఒకసారి అమెరికా మోటారు పత్రిక ఒకటి దొరికింది. కొన్నది బొమ్మల కోసమే. ఆ దేశంలో అంగట్లో కొన్న కార్లనే పెద్దగా మార్చకుండా గిన్నెలాంటి గుండ్రటి దారిలో పరుగెత్తిస్తారట. వాటిని స్టాక్ కార్లంటారట. తోలేవాళ్ళలో చాలామంది మెకానిక్కులు, రైతుల పిల్లలు. చుట్ల లెక్కలో తేడా వస్తే చీటీలన్నీ పక్కపక్కన పెట్టి మళ్ళీ మొదటినుంచి లెక్కిస్తారట. ఈ చివరి వాక్యం కింద తర్వాత ఎప్పుడో ఎర్ర పెన్సిల్‌తో గీత గీశాను. ఆ పేజీని చింపి ఏడో ఉత్తరంతో పంపించాను. అదీ తిరిగి రాలేదు.

మన దగ్గర అప్పుడు పందెం కార్లంటే కాఫీ తోటలున్నవాళ్ళవి, మిల్లులున్నవాళ్ళవి. కానీ క్లబ్బు వాళ్ళు ఒక తరగతి పెట్టారు. షోరూంలోంచి వచ్చిన కారు ఎలా ఉందో అలాగే ఉండాలి, ఇంజనులో ఏమీ మార్చకూడదు. ముందురోజు ఇంజను హెడ్డుకు తీగ కట్టి సీలు వేస్తారు. మా గ్యారేజీ ఓనరు దగ్గర ఒక చిన్న కారు ఉండేది. సోమవారం పొద్దున తన పిల్లల్ని బడికి దింపే స్థితిలో తిరిగి తెచ్చివ్వాలి, అంతే అన్నాడు. అలా రెండేళ్ళు ఆ కారును తోలాను. ఒకసారి నాలుగో స్థానం, ఒకసారి మూడోది. ప్రతి సోమవారం పిల్లలు బడికి వెళ్ళారు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు జరిగిన పందెం గురించే నేను చెప్పేది. సర్జాపుర అవతల, యుద్ధకాలంలో వేసి వదిలేసిన, విమానాలు దిగే ఒక దారి మీద జరిగింది. చుట్టూ రాగి చేలు. ఇరవై అయిదు చుట్లు. గెలిచినవాణ్ణి మద్రాసు టైర్ల కంపెనీ వాళ్ళు టెస్టు డ్రైవరుగా తీసుకుంటారని ముందే అనుకున్నారు. నాకు ఆ ఉద్యోగం మీద కంటే బోర్డు మీదే ఆశ. ఉద్యోగం ఎక్కడైనా దొరుకుతుంది.

అప్పుడు చుట్లు లెక్కపెట్టే పద్ధతి చెప్పాలి, లేకపోతే ఎవరికీ అర్థం కాదు. యంత్రాలు లేవు. ప్రతి కారు తరఫున ఒక మనిషి లెక్క బల్ల దగ్గర కూర్చోవాలి. తన కారు గీత దాటినప్పుడల్లా లెక్క వేసుకోవాలి. చివర్లో ఆ లెక్కను క్లబ్బు మనిషి చీటీ మీద ఎక్కించి సంతకం పెట్టిస్తాడు. అదే ఆఖరు మాట. తోటల వాళ్ళ కార్లకు వాళ్ళ భార్యలు, చెల్లెళ్ళు స్టాపువాచీలతో కూర్చునేవాళ్ళు. మా గ్యారేజీలో ఉన్న ఇద్దరూ నాకు టైరు మార్చడానికి కావాలి. నా భార్య పుట్టింట్లో కాన్పుకు ఉంది. అందుకని మా మామను తీసుకెళ్ళాను. మా అమ్మ తమ్ముడు.

మామ పేటలోని ధాన్యం మండీలో కొలత పని చేసేవాడు. పడి అనే ఇత్తడి కొలపాత్రతో బస్తా నుంచి బస్తాకు కొలవడం, ఒక్కో పడికి ఒక్కో చింతగింజ పక్కన వేసుకోవడం. తక్కెడలు వచ్చాక కూడా రాగులు తెచ్చే రైతులు మామ కొలిస్తేనే ఒప్పుకునేవాళ్ళు. నలభై ఏళ్ళలో లెక్క తప్పాడని ఒక్క రైతూ అనలేదు, ఒక్క వ్యాపారీ అనలేదు. చదువు రాదు. మార్కెట్టులో అందరికీ తెలిసిన మాట ఏమిటంటే, మామ ముందు గలాటా జరుగుతున్నా, ఆవులు పొడుచుకుంటున్నా, గింజ మాత్రం సరిగ్గా పడుతుంది. నేను ఆయన్ను ఎంచుకున్నది అందుకే. దీన్ని ఎవరైనా నా తప్పంటే నేను ఒప్పుకోను.

పెళ్ళిళ్ళకు వేసుకునే నల్ల కోటు వేసుకుని, గుడ్డ సంచిలో చింతగింజలు, ఒక పౌడరు డబ్బా పట్టుకుని వచ్చాడు. దారిలో మా గ్యారేజీ వాళ్ళు ఆయన్ను ఊరుకోనివ్వలేదు.

"ఏం మామా, పెట్రోలు కూడా పడితోనే పోస్తావా?"

"నేను కొలిచి పోసినానంటే మీ ఓనరు అంగడి మూసుకోవాలప్పా" అన్నాడు మామ, కిటికీలోంచి బయటికి చూస్తూనే.

పందెం గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. పన్నెండు కార్లు బయల్దేరాయి. నాతో పోటీ ఉన్నది ఒక కాఫీ తోట వాళ్ళ అబ్బాయి ఒక్కడే. ఎనిమిదో చుట్టు తర్వాత అతని బ్రేకులు వేడెక్కి వెనకబడ్డాడు. మలుపు దగ్గర అద్దంలో చూస్తే కనపడేవాడు కాదు. దాదాపు సగం చుట్టు తేడా వచ్చింది. పదహారో చుట్టులో నా రేడియేటరు గొట్టం వదులైంది. ఆపాను. మావాళ్ళు తీగ చుట్టి, నీళ్ళు పోసి పంపేశారు. నేను బయటికొచ్చేసరికి అతను నా వెనక పది గజాల్లో ఉన్నాడు. వెనక. ముందు కాదు. ఒక్కసారి కూడా అతను నన్ను దాటలేదు. తొమ్మిది చుట్లు అలాగే నా వెనకే ఉన్నాడు. చివరి గీత దగ్గర జెండా ఊపినప్పుడు నేను ఒక కారు పొడుగు ముందున్నాను. ఇది నాకు ఎంత బాగా గుర్తుందంటే, మా పెద్దమ్మాయి పుట్టిన రోజు కూడా నాకు అంత బాగా గుర్తు లేదు. అది ఆ మరుసటి వారమే.

మైకులో అతని పేరు చెప్పారు. మొదటి స్థానం, ఇరవై అయిదు చుట్లు. నాకు రెండోది, ఇరవై నాలుగు చుట్లు. గొట్టం కోసం ఆగినప్పుడు అతను నన్ను ఒక చుట్టు మించిపోయాడని, ఆ తర్వాత నేను ముందున్నట్టు కనపడినా నిజానికి ఒక చుట్టు వెనకే ఉన్నానని వాళ్ళ లెక్క.

నేను హెల్మెట్టు కూడా తీయకుండా లెక్క బల్ల దగ్గరికి వెళ్ళాను. చీటీలు ఎక్కించే పని ఆ రోజు ఒక చర్చి బడి టీచరమ్మ చేస్తోంది. గుంటూరు వైపు మనిషి. ఆమె నా చీటీ చూపించింది. ఇరవై నాలుగు. కింద మామ వేలిముద్ర.

"మీ పెద్దాయన్నే అడిగి రాశానండీ. డబ్బా బోర్లించి ఇద్దరం కలిసి లెక్కపెట్టాం. కావాలంటే మళ్ళీ లెక్కపెట్టుకోండి" అంది.

గింజలు బల్ల మీదే ఉన్నాయి. లెక్కపెట్టాను. ఇరవై నాలుగు. మామ వైపు చూశాను. ఆయన మిగతా గింజలు సంచిలో పోసుకుంటున్నాడు. లెక్క సరిగ్గా ఉందా అని అడిగాను. ఉంది అన్నాడు. ఆయన ముఖంలో ఏ తేడా లేదు.

కార్యదర్శి వచ్చి, మీ మనిషి చెప్పిన లెక్కే కదా, ఇంకెవరి మీద ఫిర్యాదు అన్నాడు. కన్నడంలో అన్నాడు. తోట వాళ్ళ అబ్బాయి వచ్చి చెయ్యి కలిపాడు. నువ్వు చాలా బాగా తోలావు, నాకు ఒక దశలో నువ్వే ముందున్నావేమో అనిపించింది అన్నాడు. ఆ మాట అతను అన్నాడని మూడో ఉత్తరంలో రాశాను. అతన్ని పిలిచి అడగమన్నాను. అడిగినట్టు లేదు.

తిరిగి వచ్చేటప్పుడు కారు నేనే తోలాను. నాకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. చేతులు స్టీరింగు మీద ఉన్నాయని కళ్ళతో చూస్తేనే తెలిసింది. సోమవారం పిల్లల్ని బడికి దింపాను.

ఆ తర్వాత ఇంకో ఆరేళ్ళు పందేలు తోలాను. ఎక్కడా మొదటి స్థానం రాలేదు. కారు ముసలిదైపోయింది, ఓనరు అమ్మేశాడు. వేరేవాళ్ళ కార్లు తోలాను. ఒకసారి పల్టీ కొట్టి ఎడమ భుజం విరిగింది. ఆసుపత్రిలో ఉన్నప్పుడు క్లబ్బు నుంచి ఎవరూ రాలేదు. మద్రాసు ఉద్యోగం తోట వాళ్ళ అబ్బాయికి అక్కర్లేకపోయింది, వెళ్ళలేదు. దాన్ని ఎవరికీ ఇవ్వలేదు. భుజం అతికాక జిగణి వైపు ఒక ఫ్యాక్టరీలో బస్సు డ్రైవరుగా చేరాను. పొద్దున శివాజీనగర్లో బయల్దేరి కార్మికులను ఎక్కించుకుంటూ వెళ్ళడం, సాయంత్రం దింపుకుంటూ రావడం. రోజూ రెండుసార్లు క్లబ్బు ముందు సిగ్నలు దగ్గర ఆగుతాను. హాలు కిటికీ తెరిచి ఉంటే బోర్డు అంచు కనపడుతుంది. అక్షరాలు కనపడవు.

ఏడాదికొక ఉత్తరం మాత్రం మానలేదు. నా భార్య మొదట్లో ఏమీ అనలేదు. తర్వాత తర్వాత, స్టాంపు అంటించేటప్పుడు లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. మామ ఇంటికి నేను పోవడం తగ్గించాను. పండక్కి పోయినా భోజనానికి ఆగేవాణ్ణి కాదు. ఎందుకని ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు. వయసుతో కళ్ళు మసకబారి ఒక గింజ వేయడం మరిచిపోయి ఉంటాడు, ఒప్పుకోవడం లేదు అని నా మనసులో ఉండేది.

ఎనభైలు సగం దాటాక మామ చిన్న కూతురి పెళ్ళి వచ్చింది. అప్పటికి ఆయన మండీ మానేసి చాలా కాలమైంది. వంటకు బియ్యం మాత్రం తనే కొలుస్తానన్నాడు. బస్తా మూతి పట్టుకోవడానికి మనిషి కావాలి. వయసువాళ్ళంతా పందిరి దగ్గర ఉన్నారు. అత్త నన్ను పిలిచింది. నేను మూతి పట్టుకుని వంగి నిలబడ్డాను. ఆయన చాప మీద కూర్చుని పడి ముంచాడు. నిండా తీసి, బొటనవేలితో పైన చదును చేసి, పెద్ద గంగాళంలో పోయకుండా పక్కనున్న చిన్న గంపలో పోశాడు. ఒక గింజ తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. తర్వాతి పడి నుంచి గంగాళంలో పోస్తూ గింజలు పళ్ళెంలో వేయడం మొదలుపెట్టాడు.

నేను మూతి వదల్లేదు. నాలుగైదు పళ్ళు పడేదాకా ఊరుకున్నాను. పళ్ళు అంటే పడులు, మావాళ్ళు అలాగే అంటారు. తర్వాత అడిగాను.

"మామా, జేబులో వేసిందేంది?"

"మొదటిది దేవునిది కదప్పా. దాన్ని లెక్కలో వేస్తారా యాడైనా?"

"అన్నిటికీ అంతేనా?"

"అన్నిటికీ అంతే. మా నాయన నేర్పించినప్పటి నుంచీ అంతే."

"ఆ పొద్దు రేసులో?"

ఆయన చెయ్యి ఆగలేదు. పడి ముంచాడు, చదును చేశాడు, పోశాడు, గింజ వేశాడు.

"ఆ పొద్దూ అంతే. ఇరవై అయిదు తిరిగినావు. ఇరవై నాలుగు నీది, ఒకటి దేవునిది. నా లెక్క తప్పలేదే."

"ఇన్నేండ్లు చెప్పలేదే మామా."

"అడిగింటే చెప్పింటాను కదా. నువ్వు అడిగిందెప్పుడప్పా? లెక్క సరిగ్గా ఉండాదా అన్నావు, ఉండాది అన్నాను."

బస్తాలో ఇంకా సగం బియ్యం ఉంది. అది అయిపోయేదాకా మూతి పట్టుకునే ఉన్నాను. మూతి దించాక వేళ్ళు తెరుచుకోవడానికి కాసేపు పట్టింది. ఆ రోజు పెళ్ళి భోజనం చేశాను. ఏం వడ్డించారో గుర్తు లేదు.

పెళ్ళి ముగిసి బంధువులు వెళ్ళిపోయాక ఆ పందెం రోజు గింజ ఏమైందని అడిగాను. మామ దేవుడి గూడు దగ్గరికి తీసుకెళ్ళాడు. మూలన ఒక ఇత్తడి బిందె ఉంది. సగం పైన చింతగింజలు. మండీలో చేరిన రోజు నుంచి ప్రతి కొలతలో మొదటి గింజ దాంట్లోనే వేస్తున్నాడట. పసుపు, కుంకుమ పడి కొన్ని రంగు మారాయి. మిగతావన్నీ ఒక్కలాగే ఉన్నాయి. నేను లోపలికి చూస్తూ నిలబడ్డాను. అందులో ఒకటి నేను తిరిగిన చుట్టు.

దాన్ని తీసి ఇమ్మన్నాను. క్లబ్బుకు పంపాలన్నాను.

"ఏదని తీస్తావప్పా?" అన్నాడు. తర్వాత, "తెలిసినా తీయకూడదు. దేవునికిచ్చింది తిరిగి అడగరు. బేజారు చేసుకోవద్దు" అన్నాడు.

అయితే జరిగింది జరిగినట్టు రాస్తాను, వేలిముద్ర వేయమన్నాను. దానికి ఒప్పుకున్నాడు. తప్పు చేశానని రాయవద్దన్నాడు. మొదటి గింజ దేవుడి వాటాగా పక్కన పెట్టానని, కారు ఇరవై అయిదు సార్లు గీత దాటిందని మాత్రం రాయమన్నాడు. అలాగే రాశాను. రాసింది చదివి వినిపించమని, రెండుసార్లు విని, వేలు సిరాలో ముంచి వేశాడు. సిరా తుడుచుకుంటూ, ఆ టీచరమ్మ కూడా గింజలు బాగా లెక్కపెట్టింది పాపం అన్నాడు.

ఆ కాగితం పదో ఉత్తరంతో రిజిస్టరు పోస్టులో పంపాను. అందినట్టు సంతకంతో పసుపు రంగు కార్డు తిరిగొచ్చింది. కార్డు నా దగ్గర ఉంది. అందిందన్న మాట అబద్ధం కాదు. రెండు నెలలు చూశాను. సిగ్నలు దగ్గర కొత్త కార్యదర్శి కారు దిగుతుంటే బస్సులోంచి పిలిచాను. ఆయన బస్సు వైపు చూసి, ఎవరినో పిలిచారనుకుని లోపలికి వెళ్ళాడు. వెనక కార్మికులు, ఆయనెవరు అన్నా అని అడిగారు. చెప్పినా వాళ్ళకు అర్థం కాదు. గ్రీను పడింది.

పోయిన ఏడు మామ పోయాడు. పదకొండో రోజు అయ్యాక అత్త ఆ బిందె తెచ్చి నా చేతుల్లో పెట్టింది. ఇది నీ దగ్గర ఉండనీ అంది. కూతుళ్ళు ఉండగా నాకెందుకని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఇప్పుడు మా ఇంట్లో దేవుడి పటాల కింద ఉంది. నా భార్య శుక్రవారం దానికి బొట్టు పెడుతుంది. నేను ఒక్కసారి కూడా అందులో చెయ్యి పెట్టలేదు. సాక్ష్యం కావాలంటే క్లబ్బు వాళ్ళు వచ్చి చూసుకోవచ్చు. చూడవచ్చు, తీసుకెళ్ళడానికి లేదు.

పదకొండో ఉత్తరం మామ పోయాకే రాశాను. లెక్కపెట్టిన మనిషి ఇక లేడని, తోలిన మనిషి ఇంకా ఉన్నాడని రాశాను. అదీ అందింది. దాని పసుపు కార్డు కూడా ఉంది.

అందుకే ఉత్తరంలో కాక ఇక్కడ, నలుగురూ చదివేచోట అడుగుతున్నాను. క్లబ్బులో ఇప్పుడు ఎవరున్నారో నాకు తెలియదు, ఎవరున్నా వాళ్ళనే అడుగుతున్నాను. ఆ తోట వాళ్ళ అబ్బాయి పేరు చెరిపేయమనడం లేదు. అతను తన ఇరవై అయిదు తిరిగాడు. నేను మామ చేత వేలిముద్రతో చెప్పించింది మీ దగ్గర ఉంది. ఆ మొదటి చుట్టులో నా టైర్లు మీ గీతను దాటాయి. దాటినట్టు మామ చూశాడు, చూశాడు కాబట్టే దేవుడికి ఇవ్వగలిగాడు. తిరగని చుట్టును ఎవరూ దేవుడికి ఇవ్వలేరు. మరి దేవుడికి ఇచ్చిన చుట్టు నేను తిరిగినట్టా, కాదా? అవునంటే అవునని రాయండి. కాదంటే కాదని రాయండి. చిరునామా పదకొండు కవర్ల వెనకా ఉంది. ఈసారి జవాబు ఇవ్వండి.